రాళ్లనెక్కు బండి

పగలు ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలో పాఠములు విని, రాత్రులు తార్నాకలోని తన యింటి పెరటిలో ఇనుప గొట్టములను అతుకు విద్యార్థి యొకడుండెను. రాళ్లపై నెక్కగల బండిని స్వయముగా నిర్మింపవలెనని యాతని పట్టుదల. హైదరాబాదునకు ఇట్టి వెఱ్ఱి క్రొత్తది కాదు; సుధాకర్ అను నాతడు నిర్మించిన వింతకార్లకు 2010లో బహదూర్‌పురాలో ప్రదర్శనశాలయే వెలసినది.

విద్యార్థి పాత మారుతి కారు ఇంజనును వెనుక భాగమున అమర్చెను. ఏటవాలు నెక్కునపుడు బరువు వెనుక చక్రములపై పడును. అందుచే నవి నేలను గట్టిగా పట్టును. ఆ లాభముననే ముప్పును గలదు. ముందు భాగము తేలికయై లేచినచో బండి వెల్లకిల పడును. ఈ సంగతి తెలియగనే తల్లి, కూర్చుండు చోటికి పైన గొట్టముల పంజరము బిగింపనిదే బండి కదలరాదని శాసించెను. కళాశాల గడప త్రొక్కని యామె చెప్పినదే సరియైన ఇంజనీరింగు!

మొదటి పరీక్ష నగర శివారున, సుమారు 250 కోట్ల యేండ్ల వయసుగల గ్రానైటు గుండుపై జరిగెను. సగము దూరమెక్కగనే వెనుక చక్రమొకటి గాలిలోనికి లేచి గిరగిర తిరుగసాగెను. రాతిని తాకియున్న రెండవ చక్రము కదలనే లేదు. డిఫరెన్షియల్ అను పరికరము స్వభావమే యది: ఏ చక్రమునకు అడ్డు తక్కువయో అదియే తిరుగును. ఆతడు దానిని విప్పి, లోపలి పండ్లచక్రములను వెల్డింగుతో నొకటిగా అతికెను. రెండవసారి బండి గుండెక్కినది. కాని మలుపు తిరుగుటకు మొరాయించినది.

రోడ్డుపై నడుపుటకు అనుమతి లేని బండి గనుక, అది అద్దె లారీపై తార్నాక చేరెను. కిరాయి తల్లియే చెల్లించెను.