లారీని తూచే రేకు

హైదరాబాదు నుంచి పడమరగా రైలులో వెళితే లింగంపల్లి తరవాతి స్టేషను తెల్లాపూర్. అక్కడి నుంచి రామచంద్రాపురం మీదుగా పటాన్‌చెరు వెళ్ళే దారిలో ఫ్యాక్టరీలే ఫ్యాక్టరీలు. టర్బైన్లు చేసే భెల్ కర్మాగారం ఈ వైపే ఉన్నది. కాని పిల్లలూ, మనం చూడబోయేది అంత పెద్దది కాదు. లారీలను తూచే ధర్మకాంటా!

లారీ ఇనప పలక మీద ఆగగానే, గదిలో గుమాస్తా ఎదుట అంకెలు వెలుగుతవి. బండీ సరుకూ కలిసి 25 టన్నులు ఉండవచ్చు. పలక కింద ఉక్కు దిమ్మెలుంటవి. బరువు పడితే అవి కంటికి ఆననంత అణుగుతవి. ఉక్కు కూడా అణుగుతుంది. బరువు తీస్తే మళ్ళీ మామూలుగా అవుతుంది. దిమ్మెకు అతికించిన పలచని లోహపు రేకు దానితోపాటే సాగటమో ముడుచుకోవటమో జరుగుతుంది. సాగితే రేకులో విద్యుత్తు పారటం కష్టం, ముడుచుకుంటే సులువు. ఆ తేడానుబట్టి బరువు తెలుస్తుంది. ఈ రేకు పేరు స్ట్రెయిన్ గేజి. 1938లో అమెరికాలో సిమ్మన్స్, రూజ్ అనే ఇద్దరు దీన్ని వేరువేరుగా కనిపెట్టారు. మొదట్లో రేకు బదులు సన్నతీగ వాడేవారు.

ఇదే రేకు మెదడు ఆపరేషనులోనూ పనికివస్తున్నది.

మెదడు జున్నులా మెత్తన. డాక్టరు మైక్రోస్కోపులో చూస్తూ, సన్నని పటకారుతో కంతిని మెదడు నుంచి కొద్దికొద్దిగా విడదీస్తాడు. ఇందులో చాలా పనులకు 0.3 న్యూటను బలం కూడా అక్కరలేదని పరిశోధకులు కొలిచి చెప్పారు. అంటే 30 గ్రాములు, చిన్న నిమ్మకాయ బరువు! ఇంకాస్త నొక్కితే రక్తనాళం చిట్లవచ్చు. మాటో చూపో పోవచ్చు. గురువు పక్కనే నిలబడి "మెల్లగా, మెల్లగా" అంటాడు. ఆ మెల్లగాకు కొలత ఏది?

కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయపు డాక్టర్ గార్నెట్ సదర్లండ్ బృందం దీనికి పూనుకున్నది. 2008లో న్యూరోఆర్మ్ అనే మరచేతితో మెదడులోని కంతిని తీసింది వీరే. తరవాత డాక్టరు చేతి పటకారు రెండు కాళ్ళకూ స్ట్రెయిన్ గేజీలు అమర్చారు. ఆ పటకారు పట్టుకుంటుంది, విడదీస్తుంది, కొనల మధ్య విద్యుత్తు పంపి నెత్తురు కారే నాళాన్ని మూస్తుంది, బలాన్ని కొలుస్తుంది, హద్దు మీరితే హెచ్చరిస్తుంది.

వినటానికి తేలికే. కాని ధర్మకాంటాను ఎవరూ ఆవిరిలో ఉడికించరు! ఆపరేషను పనిముట్టును 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేస్తారు. జిగురు ఊడరాదు. వేడికీ లోహం సాగుతుంది. అది డాక్టరు నొక్కిన నొక్కుగా లెక్కకు రాకూడదు. అందుకని గేజీలను జతలుగా కలిపి, వేడివల్ల వచ్చే తేడాలు ఒకదానికొకటి చెల్లిపోయేట్టు చేస్తారు. నాళాన్ని మూసే విద్యుత్తు, కొలిచే విద్యుత్తులో కలవరాదు. పటకారు బరువెక్కిందా, డాక్టరు చెయ్యి అలిసిపోతుంది.

కొలిచి చూస్తే, నేర్చుకుంటున్నవారు అనుభవజ్ఞుల కన్న ఎక్కువగా హద్దు మీరుతున్నట్టు తేలింది. బడిపంతులుకు ఇందులో వింత లేదు. కాని ఎప్పుడు, ఎంత ఎక్కువ నొక్కారో ఇప్పుడు కాగితం మీద చూపి దిద్దవచ్చు.

పటాన్‌చెరు దగ్గరి సుల్తాన్‌పూర్‌లో వైద్యపరికరాల పార్కు ఉన్నది. గుండె నాళాల్లో పెట్టే స్టెంట్లు అక్కడ చేస్తున్నారు. సంగారెడ్డి వైపు కందిలో ఐ.ఐ.టి. ఉన్నది, అందులో బయోమెడికల్ ఇంజనీరింగు నేర్పుతారు.

మీ వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే దాన్ని వేలితో నొక్కి 30 గ్రాముల దగ్గర ఆపండి. అందులోనూ స్ట్రెయిన్ గేజే ఉంటుంది. తరవాత కళ్ళు మూసుకుని మళ్ళీ అంతే నొక్కి, అంకె ఎంత వచ్చిందో అమ్మను చదవమనండి.