శస్త్రవైద్యుల సభ

మేము శస్త్రవైద్యుల సభకు పోయితిమన్న మీరు నవ్వుదురేమో. వైద్యమునకును మాకును చుట్టరికము లేదు. మా యక్కకూతురు ఆరుమాసముల బిడ్డతో పోవలసివచ్చినందున తోడు వెళ్లితిమి.

అమ్మాయి మా సీమలోని యొక వైద్యకళాశాలలో శస్త్రచికిత్స బోధించు సహాయాచార్యురాలు. కర్నూలు వైద్యకళాశాల 1956లోను, కడప కళాశాల 2006లోను వెలసినవి. కర్నూలులో కళాశాల రాకపూర్వము పెద్ద కోత యన్న మా యింటివారు మదరాసునకు రైలెక్కెడివారు. ఇప్పుడు కోతలు ఇచ్చటనే జరుగుచున్నవి. కాని క్రొత్తగా బోధించువారికి పగలంతయు రోగులు, ఆపై పాఠములు, పదోన్నతికి పరిశోధన వ్యాసములు. "చిన్నమ్మా, కత్తి పట్టుట నేర్పిరి గాని వ్యాసము వ్రాయుట నాకెవరును నేర్పలేదు" అని యొకనాడు కంటతడి పెట్టినది.

భారత శస్త్రవైద్యుల సంఘము 1938లో ఏర్పడినది. దానికి రాష్ట్రశాఖలును, సొంత పత్రికయు గలవు. ఏటేటి సభలలో పిన్నలు వ్యాసములు చదువుదురు, పెద్దలు ప్రశ్నింతురు. వేరుశనగ నూర్పిడి యంత్రములలో చేతులు నలిగి వచ్చినవారి వివరములను అమ్మాయి మూడేండ్లుగా నొక పుస్తకమున వ్రాసియుంచినది. దానినే వ్యాసముగా మలచి రాష్ట్రశాఖవారికి పంపగా, వచ్చి చదువుమని పిలుపు వచ్చెను.

ఇంట పెద్ద రభస. "చంటిబిడ్డను పెట్టుకొని అంతదూరము పోయి చదువుటకు అదేమి పురాణమా?" అని ఆమె యత్తగారు. తప్పని మేమనము, ఆమె యెరిగిన సభలు పెండ్లిసభలే.

బిడ్డను భుజమున వేసికొని తలుపుసందున చూచితిమి. చదువుట ముగియగనే యొక వృద్ధవైద్యుడు లేచి, "అమ్మా, వ్రేళ్లు పోయినవారిలో నెందరు మరల పొలము పని చేయగలిగిరి?" అని యడిగెను. ఆ లెక్క అమ్మాయియొద్ద లేదు. నిలువున నీరైనది. పదిమందిలో నవమానించెనని మాకు కోపము వచ్చినది. భోజనవేళ ఆయనయే వెదకికొని వచ్చి, ఆ లెక్క యెట్లు సేకరింపవలెనో కాగితముపై గీచి చూపి, చిత్తుప్రతి పంపుము, దిద్దెదనని చిరునామా యిచ్చెను. మేము బిడ్డకు విసరుచు తలవంచుకొంటిమి.

ఇప్పుడు ప్రతి యాదివారమును అమ్మాయి ఆ రోగులకు ఫోను చేయుచున్నది. పేర్లు చెప్పక వరుససంఖ్యలు మాత్రము పలుకగా, అత్తగారే ప్రక్కన కూర్చుండి గళ్లలో గుర్తులు పెట్టుచున్నారు. మొన్న నొక రైతు, "ఎడమచేత కలుపు తీయుచున్నాను గాని తల్లీ, కుడిచేత అన్నము కలుపుకొనలేకున్నాను" అనెనట.

ఆ మాట యే గడిలో వ్రాయవలెనని అత్తగారు అడిగిరి.