కచ్చిక దొరకని కాలం

వంగ ఆకు మీద ఒక్క చిల్లు కనపడితే చాలు, ఇంటికొచ్చిన పెద్దమనిషి అడిగే మొదటి ప్రశ్న: "ఏం మందు కొడుతున్నారండీ?" నాకు ఒళ్ళు మండుతుంది. పెరట్లో ఉన్నవి నాలుగు మొక్కలు. వాటికోసం వీపున డబ్బా తగిలించుకుని యుద్ధానికి బయల్దేరాలా? ఆ కాయ రేపు మన కంచంలోకే గదా!

ఆకుకు చిల్లు పెట్టే పని అక్షింతల పురుగుది. ఇందులో రెండు తెగలు. పేనుబంకను తిని మనకు మేలు చేసేది నున్నగా నిగనిగలాడుతుంది. వంగ ఆకు గీకేది మసక ఇటుక రంగులో, వీపున సన్నని నూగుతో ఉంటుంది. కొన్నిటికి 12 చుక్కలు, కొన్నిటికి 28. పసుప్పచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉండే పిల్ల పురుగులు ఆకు అడుగున చేరి పచ్చదనం గీకేసి ఈనెలు మిగులుస్తాయి. పెద్దదాన్ని వేలితో తాకి చూడండి: కాళ్ళు ముడిచి చచ్చినట్టు కింద పడుతుంది. పడుతూ పడుతూ వేలికో పసుపు చుక్క అంటిస్తుంది, ఒకటే కంపు. ఆ దొంగచావే మనకు ఆయుధం. పొద్దున్నే కొమ్మ కింద కుంకుడు రసం కలిపిన నీళ్ళ బేసిన్ పట్టి దులిపితే అందులోనే రాలతాయి. ఆకు అడుగున నిలబెట్టినట్టుండే పసుప్పచ్చటి గుడ్ల గుంపును బొటనవేలితో నలిపేస్తే సరి. మరీ ముదిరితే వేపగింజల పొడి లీటరు నీళ్ళకు 50 గ్రాముల లెక్కన రాత్రంతా నానబెట్టి, వడకట్టి, ఎండ వాలాక చల్లాలి. ఎండకు వేప సత్తువ పోతుంది.

2010లో జన్యువులు మార్చిన బీటీ వంకాయను కేంద్రం ఆపినప్పుడు దేశమంతా వంకాయ మీదే వాదించుకుంది. ఆ గొడవంతా కాయతొలుచు పురుగు గురించి. ఆకు గీకే ఈ దొరగారి ఊసు ఎవరెత్తారు?

బీర, గుమ్మడి పాదులకు వేరే శని, ఎర్రటి పెంకు పురుగు. మొలక రెండాకుల మీదుండగానే కొరికేస్తుంది. దాని పిల్లలు మట్టిలో వేళ్ళు తింటాయి. మా నాయనమ్మ మంచు ఆరకముందే పాత చీరముక్కలో కచ్చిక, అదే పిడకల బూడిద, మూటగట్టి మొలకల మీద తట్టుకుంటూ పోయేది. తడి ఆకుకు బూడిద పట్టేది. ఆ వేళప్పుడు చలికి మొద్దుబారిన పురుగు ఎగరలేదు గనక చేత్తోనే ఏరేసేది.

ఇప్పుడు కచ్చిక ఎక్కడిది? గ్యాసు పొయ్యి బూడిద పెట్టదు. పట్నంలో పిడకలు భోగికి మాత్రమే, అవీ ప్యాకెట్లలో. కచ్చికతో తోమిన ఇత్తడి బిందె తళతళ ఈ పచ్చ సబ్బుకు వస్తుందా? అసలు కచ్చిక పోయిందంటే దాలి పోయినట్టే. పిడకల దాలి మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా కుండలో కాగిన పాలు ఎర్రబారి, మీగడ అట్టు కట్టేవి. రాత్రి తోడేస్తే తెల్లారి ఆ పెరుగు గరిటెకు లొంగేది కాదు. పొగవాసన తగిలే ఆ పెరుగు, మాగాయ టెంకా ఉంటే కూర ఏదని అడిగినవాడు లేడు. మొన్న ఒక పెళ్ళిలో వడ్డించింది పెరుగో మజ్జిగో తేలక అడిగితే, కుర్రాడు గర్వంగా చెప్పాడు: "గడ్డ పెరుగు సార్, డబ్బాలోది!"