బెడ్‌ఫోర్డ్ అఖాతపు ఒడ్డున ఒక మందిరము



భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాల బాప్తిస్టు సంఘముల పెద్దలకు కెనడా దేశపు తూర్పు తీరం కొత్త పేరు కాదు. 1870లలో ఆ తీరంలోని సంఘములు పంపిన దైవసేవకులు సముద్రాలు దాటి మన తెలుగు పల్లెలకు సువార్త తెచ్చారు. ఆ తీరంలోని నోవాస్కోషియా రాష్ట్రానికి రాజధాని హాలిఫాక్స్. ప్రభువు కృపవలన మేము ఆ పట్టణాన్ని చూడగలిగాము. అక్కడ మా మనస్సులో నిలిచిపోయింది పెద్ద కట్టడమేదీ కాదు. పట్టణానికి ఉత్తరపు కొసన, బెడ్‌ఫోర్డ్ అఖాతపు ఒడ్డున ఉన్న ఒక చిన్న మందిరము. ఆ చోటి పేరు ఆఫ్రిక్‌విల్.

దారి పెద్ద వంతెన దగ్గరగా వెళ్లి నీటివైపు దిగుతుంది. ఒక ప్రక్క రైలు పట్టాలు, ఓడల సరుకు దించే రేవు. మరొక ప్రక్క పచ్చిక. ఇండ్లు లేవు, వీధులు లేవు. ఇక్కడ కాపురమున్న కుటుంబాల పేర్లు చెక్కిన స్మారక శిల ఒకటి ఉంది. మందిరము లోపల పాత ఛాయాచిత్రాలు ఉన్నాయి. నూట ఇరవై ఏండ్లు బ్రతికిన ఒక ఊరు ఇప్పుడు ఆ గోడల మీద మాత్రమే కనబడుతుంది.

ఈ ఊరివారు ఆఫ్రికా సంతతివారు. అమెరికాలో బానిసత్వం నుండి తప్పించుకొని, 1812లో మొదలైన యుద్ధకాలంలో బ్రిటిషువారి ఓడలలో ఈ తీరానికి చేరినవారు, వారి పిల్లలు. ప్రభుత్వం వారికిచ్చింది రాతి నేలలు. పనికోసం కొందరు పట్టణం దగ్గరకు వచ్చి, 1848లో ఇక్కడ సొమ్ము చెల్లించి భూమి కొన్నారు. మరుసటి సంవత్సరమే సంఘము ఏర్పడింది. ఈ ప్రాంతపు నల్లజాతి సంఘములకు తండ్రివంటివాడు రిచర్డ్ ప్రెస్టన్ అనే కాపరి. ఆయన వర్జీనియాలో బానిసగా పుట్టి, విడిపోయిన తల్లిని వెదుక్కుంటూ ఇక్కడికి వచ్చి, ఆమెను కలుసుకున్నాడని చెబుతారు.

మందిరమే ఆ ఊరికి గుండె. ఈస్టరు నాడు తెల్లవారకముందే కూడి, సూర్యోదయ వేళ పాటలు పాడుతూ బయటికి వచ్చేవారు. కొత్త విశ్వాసులకు ఆ అఖాతపు నీళ్లలోనే బాప్తిస్మము ఇచ్చేవారు. ఆ నీటి ఒడ్డున నిలిచినప్పుడు, మన గోదావరి రేవులలో, ఊరి చెరువులలో జరిగే బాప్తిస్మముల జ్ఞాపకం మాకు కలిగింది.

అయితే పట్టణపు అధికారులు ఆ ఊరిని ఎలా చూశారు? వారు పన్నులు కట్టారు. కాని కుళాయి నీరు రాలేదు, మురుగు కాలువ రాలేదు, మంచి రోడ్డు పడలేదు. బావి దగ్గర, నీళ్లు కాచి త్రాగమని హెచ్చరించే పలక మాత్రం పెట్టారు. రైలు మార్గం ఊరి మధ్యనుండి వేశారు. పట్టణం తన వాకిట ఉండకూడదనుకున్నవన్నీ, అంటే జైలు, అంటురోగాల ఆసుపత్రి, పశువధశాల, ఈ ఊరి దగ్గరకే చేరాయి. 1950లలో పట్టణపు చెత్తకుప్ప కూడా వచ్చింది. ఇన్ని చేసిన తరువాత, ఇది మురికివాడ, మనుష్యులు ఉండదగినది కాదు అన్నారు. ఆ మురికి ఎవరు తెచ్చారో అడిగినవారు లేరు.

1964లో ఊరిని ఖాళీ చేయించే తీర్మానం జరిగింది. తాతల నాటినుండి ఉన్నా చేతిలో పత్రం లేనివారికి 500 డాలర్లు ఇచ్చారు. పట్టా లేని పొలం దున్నుకునే మన రైతు కుటుంబాలకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. కొందరి సామాను చెత్త బండ్లలో తరలించారు. 1967 నవంబరు 20న, ఊరు నిద్రలో ఉండగా, మందిరమును పడగొట్టారు. 1970 నాటికి ఊరే లేదు.

ఊరు పోయినా సంఘము చెదరిపోలేదు. ప్రతి వేసవిలో ఆ కుటుంబాలవారు పచ్చికలో గుడారాలు వేసుకొని కలుసుకుంటారు, ఆరాధిస్తారు. వారి పట్టుదల వలన 2010 ఫిబ్రవరి 24న పట్టణపు మేయరు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మందిరమును తిరిగి కట్టుటకు 30 లక్షల డాలర్లు, రెండున్నర ఎకరాల భూమి ఇచ్చారు. మేము చూసిన మందిరము పాతదాని పోలికతో అలా కట్టినదే. ఇండ్లు పోగొట్టుకున్నవారికి మాత్రం విడివిడిగా పరిహారం అందలేదు. అందుచేత ఆ ఒప్పందం అందరినీ తృప్తిపరచలేదు.

1986లో ఐక్యరాజ్య సమితి, అభివృద్ధి ప్రతి మనిషికీ హక్కు అని ప్రకటించింది. ఆఫ్రికా సంతతివారి కొరకు 2015 నుండి 2024 వరకు ఒక దశాబ్దాన్ని, 2025 నుండి మరొక దశాబ్దాన్ని ప్రత్యేకించింది. ఆఫ్రిక్‌విల్‌ను చూస్తే ఆ హక్కు అర్థం తేటగా తెలుస్తుంది. ఊరిని ఖాళీ చేయించినవారు కూడా అభివృద్ధి అనే మాటనే పలికారు. కాని ఆ ఊరివారిని కూర్చోబెట్టి, మీకు ఏమి కావాలి అని అడగలేదు. వారు కోరింది కుళాయి, కాలువ, రోడ్డు. ఇచ్చింది వేరొకచోట అద్దె ఇల్లు. ఎవరి కొరకు అభివృద్ధి అంటామో వారి మాట అందులో లేకపోతే, అది వారి పాలిట దోపిడే అవుతుంది.

నాబోతు ద్రాక్షతోట సంగతి మనకందరికీ తెలుసు. రాజు మొదట మంచి మాటలే పలికాడు. ఇంతకంటె మంచి తోట ఇస్తానన్నాడు, వెల ఇస్తానన్నాడు. కాని నాబోతుకు అది వెలకు దొరికే వస్తువు కాదు, పితరుల స్వాస్థ్యము. ఆ అన్యాయమును దేవుడు చూచి ఊరకుండక, తన ప్రవక్తను పంపాడు.

కాబట్టి ప్రియులారా, మన ఊరిలో కుళాయి ఏ వీధి వరకు వచ్చి ఆగిపోయిందో, చెత్త ఎవరి ఇండ్ల ప్రక్కన పడుతుందో ఒకసారి చూడండి. ఆ వీధివారు పంచాయతీకి వెళ్లేటప్పుడు సంఘ పెద్దలు కూడా వారితో వెళ్లవలెను. పొలానికి, ఇంటి స్థలానికి సరియైన కాగితాలు సంపాదించుకొనుటలో చదువుకున్న మన యౌవనస్థులు తోడ్పడవలెను. ఆఫ్రిక్‌విల్ కుటుంబాల కొరకు మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకము చేసుకొనుడి. వారి పితరుల స్వాస్థ్యమును చూచిన దేవుడు మన వీధులను కూడ చూచుచున్నాడు.