పాలు చేపని గేదె

పశుపోషణము వలన మనస్సునకు కలుగు మేలును గూర్చి నాలుగు మాటలు వ్రాయుడని సంచిక సంపాదకులు మమ్ము కోరిరి. పశువైద్యమునందు మేము పండితులము కాము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు బాలుర మనస్సును గూర్చి బోధించిరిగాని, గేదె మనస్సును గూర్చి చెప్పినవారు లేరు. కావున మా యింటి గేదె మాకు నేర్పినదానినే వ్రాయుచున్నాము.

2014వ సంవత్సరపు వానకాలమున మా రెండవ కుమారుడు ఆరవయేట జ్వరముచే ప్రభువునందు నిద్రించెను. సంఘమువారు వచ్చి ప్రార్థించిరి, పాడిరి, మాకు అన్నము వండి పెట్టిరి. వారి ప్రేమకు ఎన్నటికిని ఋణస్థులము. అయినను వారు వెడలిపోయిన పిమ్మట ఇంట మిగిలిన నిశ్శబ్దమును ఎవరు తీసికొనిపోగలరు? పదునైదు దినములకు మరల బడికి పోవ నారంభించితిమి. నల్లబల్లపై లెక్క వ్రాయుచు నడుమ నిలిచిపోయెడివారము. ప్రార్థనకు మోకరించినచో మాట వచ్చెడిది కాదు. కోపము మాత్రము వచ్చెడిది. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడు పుస్తకము తేలేదని వానిపై చేయిచేసికొంటిమి. చట్టము దానిని నిషేధించినదని ఎరుగుదుము. చట్టము లేకున్నను అది తప్పే. వాడు ఏడువలేదు. మా ముఖమువంక ఒక్కమారు చూచి తల వంచుకొనెను. ఆ చూపు ఇంటివరకు మా వెంట వచ్చెను.

మా యింటి పాడిగేదెకు కుడితి పెట్టుటయు, పాలు పితుకుటయు మా భార్య పనులు. దుఃఖముచే ఆమెయు మంచము పట్టగా ఆ పని మాపై పడినది. మేము చెంబు పట్టుకొని కూర్చుండగానే గేదె కాలు జాడించి పాలు ఎగచేపెను. దూడను విడిచిన, అది కుడిచిన నాలుగు గుక్కలేగాని మా చేతికి చుక్క రాలేదు. తవుడు పెట్టితిమి, బెదరించితిమి, సిగ్గు విడిచి చెప్పుచున్నాము, పలుపు కొసతో కొట్టితిమి కూడ. మూడు పూటలు ఇట్లే గడచెను.

నాల్గవ పూట మా వాకిట నిలిచినవాడు మేము కొట్టిన ఆ బాలుడే. వారిది పాలమ్ముకొని బ్రదుకు కుటుంబము. సంగతి తెలిసి తల్లి పంపినదట. వాడు కొంతసేపు మమ్మును, గేదెను చూచి, "అయ్యవారండీ, మీ చెయ్యి కోపంగా ఉందండీ. దానికి తెలిసిపోద్దండీ" అనెను. పిమ్మట దూడను తల్లి మూతి యొద్ద కట్టెను. గోరువెచ్చని నీటితో పొదుగు కడిగెను. మా అరచేతిని గేదె డొక్కపై ఉంచి, ఏమియు చేయక ఊరక నిలువుమనెను. అది నెమరు వేయ నారంభించువరకు చెంబు ముట్టరాదట.

మేమట్లే నిలిచితిమి. ఆ వెచ్చని డొక్క మా చేతిక్రింద పొంగుచు తగ్గుచుండెను. ఎంతసేపు నిలిచితిమో గుర్తులేదు. కుమారుని సమాధి యొద్ద రాని కన్నీరు అచ్చట వచ్చినది. గేదె మాత్రము మావంక చూడక నెమరు వేయసాగెను. తరువాత పాలు చేపెను. ఆ ప్రక్కనే నిలిచి ఆ బాలుని క్షమాపణ వేడితిమి. వాడు సిగ్గుపడి, "దూడ పలుపు తెంపుతోందండీ, ముందు దాన్ని చూడండి" అనెను.

భయముగాని నొప్పిగాని కలిగినప్పుడు పశువు దేహమున పుట్టు ఎడ్రినలిన్, పాలను దింపు ఆక్సిటోసిన్ పనిని అడ్డగించునని తరువాత చదివితిమి. అనగా పితుకువాడు శాంతించినగాని పని సాగదు. మమ్ము ఓదార్చిన బంధువు లెందరో కలరు. ఓదార్పు పొందనిదే పాలీయనని పట్టుబట్టినది ఆ గేదె యొక్కటే! 2019లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 249 మంది విద్యార్థులను పరీక్షింపగా, పది నిమిషములు కుక్కలను పిల్లులను నిమిరినవారి లాలాజలమున, ఆందోళన వేళ పెరుగు కార్టిసాల్ తగ్గియుండెనట.

మన సంఘములలో పాడు కీర్తనలలో కొన్నిటికి మూలకర్తయైన విలియం కూపర్ కవి చరిత్ర ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. జాన్ న్యూటను గారితో కలిసి 1779లో ఓల్నీ కీర్తనలను వెలువరించిన ఆ భక్తుడు, 1773లో ఘోరమైన మనోవ్యాధి పాలయ్యెను. మరుసటి యేట పొరుగువారిచ్చిన కుందేలు పిల్లలను పెంచ నారంభించి, వాటికి గూళ్లు తన చేతులతోనే కట్టెను. పస్, టైనీ, బెస్ అని వాటికి పేర్లు. వినుటకు ఆడపేర్లవలె నున్నను మూడును మగవే. పస్ జబ్బుపడగా కూపరు సేవచేసి బ్రదికించెను. అది ఆయన చేయి నాకి కృతజ్ఞత చూపెనట. టైనీ మాత్రము తుదివరకు మచ్చిక కాలేదు. దాని నిమురబోయిన గుర్రుమని కాళ్లతో కొట్టెడిది. అయినను ఆయన దానిని ఎనిమిదేండ్లకు పైగా పోషించెను. మాకు పస్ కంటె టైనీ కథయే మిక్కిలి ఇష్టము. ఉపాధ్యాయులకు కారణము చెప్పనక్కరలేదు.

కుందేళ్లు కూపరు వ్యాధిని సంపూర్ణముగా మాన్పలేదు. అది మరల మరల వచ్చెను. మనోవ్యాధి గలవారు వైద్యుని యొద్దకు పోవలసినదే. మా దుఃఖమును గేదె తీసివేయలేదు. తెల్లవారుజామున లేచుటకు ఒక పని నిచ్చినది, అంతియే. ఆ సంవత్సరము క్రిస్మసునకు ముందు, పశువులపాకలోనే మాకు మరల ప్రార్థన వచ్చినది.

ఆ గేదె ఇప్పుడు లేదు. దాని కూతురు కలదు. పబ్లిక్ పరీక్షల దినములలో వసతిగృహపు పిల్లలు ఇద్దరు ముగ్గురు సాయంకాలము దానికి కుడితి పెట్టుటకు వత్తురు. చదువు పాడగునని ఒక తండ్రి మాపై ఆక్షేపణ చేసెను. ఆయనను కూడ ఒకనాడు రమ్మని పిలిచితిమి. ఇంకను రాలేదు.