గుర్రం మీది జీను

వాయిద్యం అపస్వరం పలికినప్పుడు మనం మొదట అనుమానించేది మనిషినే. చేతి వాటం కుదరలేదంటాం, సాధన చాలదంటాం, చివరికి చెవి లేదంటాం. ఆ చివరి మాట మిగిలినవాటి వంటిది కాదు. సాధన పెంచుకోవచ్చు, చేయి దిద్దుకోవచ్చు. చెవి లేదని నమ్మిన పిల్లవాడికి మాత్రం ఇక చేయగలిగిందేమీ ఉండదు.

నల్లగొండలో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు సరిగ్గా ఆ స్థితికే వచ్చాడు. వాళ్ళ నాన్న కొనిచ్చిన ఎలక్ట్రిక్ గిటారు మూడు నెలలుగా సంచి దాటి బయటకు రాలేదని మా చెల్లెలు చెప్పింది. కారణమడిగితే వాడు, "నాకు చెవి లేదు మామా. సార్ గూడ అదే అన్నడు" అన్నాడు. ఆ సారు ఎవరో ఇక్కడ మనకు అనవసరం. నేను వాణ్ణి మరొక ప్రశ్న అడిగాను: తప్పు ఎక్కడ వినిపిస్తోంది? "కింద మంచిగనే ఉంటది. పైమెట్లకు పోతే చెడిపోతది" అన్నాడు. చెడిపోయిన సంగతి వినబడుతున్నదంటే చెవి ఉన్నట్టే కదా! అంత స్పష్టంగా చోటు కూడా చెప్పగలిగినవాడికి లేనిది చెవి కాదని ఆ క్షణమే తోచింది.

గిటారు తీగకు ఒక కొస మెడ చివర, రెండో కొస బ్రిడ్జి మీద. ఈ బ్రిడ్జినే మనవాళ్ళు వీణకు, వయొలిన్‌కు 'గుర్రం' అన్నారు. తమిళులకూ అది 'కుదిరై', అంటే గుర్రమే. ఆ గుర్రం మీద ఒక్కో తీగకూ ఒక్కో చిన్న లోహపు ముక్కను అమర్చి, ఇంగ్లీషువాళ్ళు దానికి 'శాడిల్' అని పేరు పెట్టారు. అంటే జీను. ఇద్దరూ ఒకరినొకరు సంప్రదించుకోకుండానే పోలికను పూర్తి చేశారు. జీను వదులైతే రౌతు ఏమవుతాడో వేరే చెప్పనక్కరలేదు.

ఈ జీనులు విడివిడిగా ఎందుకంటే, తీగను మెట్టు మీద నొక్కినప్పుడు అది కొంచెం సాగుతుంది, స్వరం కొంచెం హెచ్చుతుంది. ఆ హెచ్చును సరిదిద్దడానికి తీగ పొడవును గుర్రం వైపున కాస్త పెంచాలి. ఎంత పెంచాలన్నది ఒక్కో తీగకు ఒక్కో రకం. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారులో ఆరు తీగలకూ ఆరు జీనులు. ఒక్కొక్కదాన్నీ ముందుకూ వెనక్కూ జరిపే పొడవాటి స్క్రూ ఒకటి, దాని చుట్టూ స్ప్రింగు, ఎత్తును సరిచేసే బుల్లి స్క్రూలు రెండు. మావాడిదీ ఆ తరహా గిటారే. తీగ మోగినప్పుడల్లా ఈ స్క్రూలన్నీ అదురుతాయి. అదిరి అదిరి, రోజుకింత చొప్పున, ఎవరికీ చెప్పకుండా వదులవుతాయి.

ఇది పరదేశపు యంత్రానికే పట్టిన జబ్బు అనుకోకండి. వీణ మెట్లను నిలబెట్టేది మైనం. అది కాలక్రమాన మెత్తబడి, మెట్లు చోటు తప్పితే మళ్ళీ మేళం కట్టించవలసిందే. మా పాలమూరు కిన్నెర సంగతీ అంతే. వెదురు దండె, ఎండిన సొరబుర్రలు, తేనెమైనంతో అతికించిన మెట్లు. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో గొంతు కలిపి, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. 2016లో మహబూబ్‌నగర్ నుంచి విడిపోయిన నాగర్‌కర్నూల్ జిల్లా ఆయనది. నలభై అయిదు డిగ్రీలు దాటే మన ఎండల్లో మైనం మీద నిలిచే వాయిద్యాన్ని శ్రుతిలో ఉంచడమంటే, వాయించడంతో పాటు దాన్ని కనిపెట్టుకుని ఉండడం కూడా. కిన్నెర కళాకారుడు తన వాయిద్యాన్ని తానే కట్టుకుంటాడు, తానే బాగుచేసుకుంటాడు. మెట్టు జారితే మెట్టునే సవరిస్తాడు గాని తన చెవిని నిందించుకోడు. దుకాణంలో కొన్న వాయిద్యంతో మన పిల్లలకు చేరనిది ఈ తెలివిడే.

ఒక ఆదివారం నల్లగొండ వెళ్ళి ఇద్దరం గిటారును ముందేసుకుని కూర్చున్నాం. ముందు పాత తీగలు తీసి కొత్తవి వేశాం. పాతబడ్డ తీగతో చేసే పరీక్ష నమ్మదగినది కాదు. రెండు జీనుల పొడవాటి స్క్రూలు వేలితో తిప్పితేనే తిరుగుతున్నాయి, వాటి స్ప్రింగులు చచ్చుబడ్డాయి. ఆ రెండూ మెడ వైపు జరిగి ఉన్నాయి. ఆరో తీగ జీను ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎత్తు స్క్రూ ఒకటి దిగజారి తీగ మెట్లకు తగిలి జీరగా మోగుతోంది. స్ప్రింగులు మార్చాం. తీగ వదులు చేసి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎలెన్ కీతో ఎత్తులు సరిచేశాం. తర్వాత అసలు పరీక్ష: తీగను ఖాళీగా ట్యూనర్‌తో శ్రుతి చేసి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాలి. సరిగ్గా పైస్థాయిలో అదే స్వరం పలకాలి. హెచ్చుగా పలికితే జీనును వెనక్కి, తగ్గుగా పలికితే ముందుకు. జరిపిన ప్రతిసారీ మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. ఆరు తీగలకు రెండు గంటలు పట్టింది.

మొదటి రెండు తీగలు ట్యూనర్ చూసి చేశాం. మూడోదానికి నేను ట్యూనర్‌ను చేత్తో మూసి, "నువ్వు చెప్పు" అన్నాను. వాడు కళ్ళు మూసుకుని విని, "జరంత హెచ్చున్నది" అన్నాడు. చేయి తీసి చూస్తే ముల్లు కొద్దిగా కుడి వైపుకు ఒరిగి ఉంది. మిగిలిన మూడింటికీ వాడే ముందు చెప్పాడు, ట్యూనర్ తర్వాత ఒప్పుకుంది.

చివరగా ఎత్తు స్క్రూల మరల మీద వాళ్ళమ్మ గోళ్ళరంగు చుక్క చుక్క పెట్టాం. అదురుకు కదలవు, అవసరమైతే కీతో తిప్పవచ్చు. గట్టి జిగురు పెడితే మాత్రం ఆ స్క్రూ ఇక జన్మలో తిరగదు. తొందరపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

వాడికి చెవి ఉందని నేను వాడితో ఒక్కసారి కూడా అనలేదు. అవసరం రాలేదు. బయలుదేరేటప్పుడు ఎలెన్ కీ నా సంచిలో పెట్టుకోబోతే, "అది నా దగ్గర్నే ఉండనియ్ మామా, నెలకోసారి నేనే చూస్కుంట" అన్నాడు.