కరవది నుంచి శ్రీరంగం దాకా

నిన్న పెళ్లిలో ముహూర్తానికి ఇంకా టైముంది కదా అని మేళం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నా. సన్నాయి ఆయన పీకను నాలుక మీద తడుపుకుని మెల్లగా తోడి అందుకున్నాడు.
భలే ఉంది!
అంతలో పంతులుగారు చెయ్యెత్తారు... గట్టిమేళం. రాగం సగంలో ఆగిపోయింది.

అప్పట్నుంచీ నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారే బుర్రలో తిరుగుతున్నారు.

1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన మనిషి. తంజావూరు బాణీ మీద మోజుతో ఆ నేలకే వెళ్లి నేర్చుకుని, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వరానికి పుట్టినిల్లు లాంటి ఆ కావేరి సీమలో మన తెలుగు ముస్లిం విద్వాంసుడు! (నాకెందుకో ఇది తల్చుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.) 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడే వెళ్లిపోయారు.

రికార్డింగులున్నాయి, వింటూనే ఉంటా. కానీ నాదస్వరం ఇయర్‌ఫోన్లలో ఇమిడే వాద్యమా చెప్పండి? ఆరుబయట, మైకు లేకుండా, డోలు దెబ్బ గుండెకి తగులుతుంటే వినాలి. అదీ ఆయన మంచి ఊపుమీదున్న రోజుల్లో.

మీలో ఎవరైనా నేరుగా విన్నారా? ఎక్కడ, ఏం వాయించారు?
కుళ్లుకుంటా... అయినా చెప్పండి.